శాఖలోని సాంకేతిక సిబ్బందికి సాఫ్ట్‌వేర్ శిక్షణ: ఐదు రోజుల తరగతిలో నిజంగా ఏం నేర్పగలం?

ప్రశ్న: ఐటీసెల్_కృష్ణాతీరం

నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ శాఖ ఐటీ విభాగం బాధ్యతలు చూస్తున్నాను. మా విభాగంలో పనిచేసే 31 మందికి సాఫ్ట్‌వేర్ అభివృద్ధిలో శిక్షణ ఇప్పించాలని మా కమిషనర్ గారు నిర్ణయించి, ప్రణాళిక తయారుచేసి ఫైలు పెట్టమని నన్ను ఆదేశించారు. ఐదు రోజుల తరగతులు, చివరి రోజు ధ్రువపత్రాలు, ఒక గ్రూపు ఫొటో అనే నమూనాలో నోటు రాయడం అరగంట పని. అయితే ఆ నమూనాలో ఇప్పటికే రెండు శిక్షణలు జరిగాయి. వాటి వల్ల మా పనిలో ఏం మారిందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే మూడోసారి నోటు రాసే ముందు మీ సలహా కోరుతున్నాను.

మా పరిస్థితి కొంత వివరంగా చెబుతాను. ప్రజల నుంచి దరఖాస్తులు స్వీకరించి, క్షేత్రస్థాయి విచారణ జరిపి, మంజూరు ఉత్తర్వులు జారీ చేసే వెబ్ అప్లికేషన్‌ను ఏడేళ్ల కిందట బయటి సంస్థ ఒకటి మాకు తయారుచేసి ఇచ్చింది. ప్రోగ్రాము జావాలో ఉంది, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. నిర్వహణ ఒప్పందం ముగిసిన రోజున సోర్సు కోడు (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠం) మొత్తాన్ని ఒక జిప్ ఫైలుగా మాకు అప్పగించారు. ఆ ఫైలులో ఉన్నదీ, ఈ రోజు సర్వర్ మీద నడుస్తున్నదీ ఒకటేనా అన్న ప్రశ్నకు మాలో ఎవరూ గట్టిగా సమాధానం చెప్పలేరు. దరఖాస్తు ఫారంలో ఒక గడి చేర్చాలన్నా మళ్లీ బయటివారినే పిలుస్తున్నాం.

31 మందిలో ఆరుగురు ప్రోగ్రామర్ హోదాలో ఉన్న రెగ్యులర్ ఉద్యోగులు, తొమ్మిది మంది ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చిన డెవలపర్లు. మిగిలిన పదహారుగురు సీనియర్ అసిస్టెంట్లు, జూనియర్ అసిస్టెంట్లు. కంప్యూటరు పని బాగా వచ్చునన్న పేరు ఉండడం వల్ల వీరు ఈ విభాగానికి వచ్చారు.

మొదటి శిక్షణలో అందరికీ పైథాన్ భాషను ఓనమాల నుంచి నేర్పారు. మా దగ్గర పైథాన్‌లో రాసిన ప్రోగ్రాము ఒక్కటి కూడా లేదు. రెండో శిక్షణలో క్లౌడ్, బ్లాక్‌చైన్, కృత్రిమ మేధ గురించి మూడు రోజులు స్లైడ్లు చూపించారు. భోజనం బాగుంది. ఈసారి ఏ విషయాలు నేర్పాలి, ఎన్ని రోజులు నేర్పాలి, అందరినీ ఒకే తరగతిలో కూర్చోబెట్టవచ్చా, నేర్చుకున్నారని ఎలా తేల్చాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.


సమాధానం: పాత_సిస్టమ్_అనలిస్ట్

మీరు రాసినది చదివితే నా సర్వీసు అంతా కళ్ల ముందు తిరిగింది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కంప్యూటరీకరణలో పనిచేసి ఈ మధ్యనే పదవీ విరమణ చేశాను కాబట్టి, ముందుగా ఈ చిక్కు ఎక్కడ మొదలైందో చెబుతాను.

ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ ప్రాజెక్టు మొదలై 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలకు కంప్యూటర్లు చేరినప్పుడు, శిక్షణ అంటే అందరికీ ఒకటే అర్థం: దస్తావేజు వివరాలు ఎలా ఎక్కించాలి, స్కాన్ ఎలా చేయాలి, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) ఎలా తీయాలి. తరువాత 2001లో ఈసేవ, 2011లో మీసేవ వచ్చినప్పుడూ క్షేత్రస్థాయిలో జరిగింది ఎక్కువగా వాడకం నేర్పే శిక్షణే. ఆ రోజులకు అది సరైనదే. తలుపు మూసి బల్ల మీద కంప్యూటరుకు గుడ్డ కప్పి పెట్టుకునే కాలంలో, ఉద్యోగి చేత మౌసు పట్టించడమే ఒక విజయం.

మా పొరపాటు అక్కడి నుంచి ముందుకు కదలకపోవడంలో ఉంది. వాడేవాడికి కావలసిన శిక్షణ వేరు, ఆ వ్యవస్థకు సొంతదారుగా ఉండవలసినవాడికి కావలసిన శిక్షణ వేరు. ఇల్లు అద్దెకు తీసుకున్నవాడికి స్విచ్చులు ఎక్కడున్నాయో తెలిస్తే సరిపోతుంది. ఇంటి యజమానికి మాత్రం వైరింగు ఎటు వెళ్లిందో, నీళ్ల మెయిన్ వాల్వు ఎక్కడుందో తెలియాలి. మీ శాఖ కాగితం మీద యజమాని, ఆచరణలో అద్దెకున్న మనిషి.

కాబట్టి మీ ఆరుగురు ప్రోగ్రామర్లూ రేపటి నుంచి అప్లికేషన్ మొత్తం తిరగరాయగలగాలని ఎవరూ అనుకోనక్కరలేదు. బయటి సంస్థ రాసి ఇచ్చిన కోడును చదవగలగాలి, దాన్ని నిర్మించి (అంటే నడిచే ప్రోగ్రాముగా మార్చి) నడపగలగాలి, తప్పు ఎక్కడుందో చూపించగలగాలి, కొత్త పనికి వాళ్లు ఆరు నెలలు అడిగితే అది ఆరు వారాల పని అని చెప్పగలగాలి. ఈ నాలుగూ వచ్చిన మనిషి ఒక్కడు శాఖలో ఉంటే టెండరు ధరలే మారిపోతాయి. నేను ఈ మార్పును రెండుసార్లు కళ్లారా చూశాను.


సమాధానం: బుధవారం_తరగతి

పైవారితో ఏకీభవిస్తూ, ఆచరణలో ఎలా చేయవచ్చో రాస్తాను. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజినీరును. కొన్నేళ్లుగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ సిబ్బందికి తరగతులు తీసుకుంటున్నాను. మొదట్లో నేనూ ఐదు రోజుల తరగతులే చెప్పాను. సోమవారం ఉత్సాహంగా మొదలయ్యేది. మంగళవారం మధ్యాహ్నానికి సగం మందికి ఆఫీసు నుంచి ఫోన్లు వచ్చేవి. బుధవారం వీడియో కాన్ఫరెన్సు ఉందని నలుగురు వెళ్లిపోయేవారు. శాసనసభ సమావేశాలు జరుగుతుంటే ఇక చెప్పనక్కరలేదు, ఎల్‌ఏక్యూలకు (శాసనసభ ప్రశ్నలకు) జవాబులు తయారుచేయడానికి తరగతి మొత్తం ఖాళీ అయ్యేది. నేర్చుకున్న ముక్క కూడా వాడే అవసరం రెండు నెలల దాకా రాకపోతే మరుపుకు వస్తుంది, అది ఎవరి తప్పూ కాదు.

అందువల్ల ఇప్పుడు నేను వారానికి ఒక పూట చొప్పున పన్నెండు వారాలు అడుగుతున్నాను. మొత్తం గంటలు లెక్కవేస్తే ఐదారు రోజులకే సమానం. తేడా అంతా మధ్యలో ఉండే వారం రోజుల్లో ఉంది, ఎందుకంటే బుధవారం చెప్పినది గురు, శుక్రవారాల్లో తమ సొంత కుర్చీలో కూర్చుని, తమ సొంత ప్రోగ్రాము మీద ప్రయత్నించి, ఇరుక్కుపోయి, ఆ ప్రశ్నతోనే వచ్చే బుధవారం తరగతికి వస్తారు.

మీకు పాఠ్యపుస్తకం వెతకవలసిన అవసరం లేదు. ఆ జిప్ ఫైలే మీ పాఠ్యపుస్తకం.

మొదటి వారం చేయవలసింది ఒక్కటే. ఏమీ లేని కొత్త కంప్యూటరు ఒకటి తీసుకుని, ఆ కోడును దాని మీద నిర్మించి, లాగిన్ పేజీ తెర మీద కనిపించేలా చేయడం. వినడానికి చిన్న పని. చాలా శాఖల్లో ఇది ఒక్క వారంలో పూర్తి కాదు. ఏ జావా వెర్షన్ కావాలో రాసి ఉండదు. ఒక లైబ్రరీ (ప్రోగ్రాము ఆధారపడే సిద్ధమైన కోడు) పాత సంస్థ అంతర్గత సర్వర్ నుంచి దిగుమతి కావలసి ఉంటుంది, ఆ సర్వర్ ఎప్పుడో మూతబడి ఉంటుంది. డేటాబేస్ పట్టికలు సృష్టించే స్క్రిప్టు అసలు ఇచ్చి ఉండరు. వీటిలో ఒక్కొక్కటీ కనిపెట్టి కాగితం మీద రాసుకుంటూ పోతే, మూడో వారానికి మీ చేతిలో మీ శాఖ ఏడేళ్లుగా అడగని స్థాపన పత్రం తయారై ఉంటుంది. ఈ పనిని తరువాతి ఒప్పందంలో ఒక షరతుగా పెట్టండి: శాఖ సిబ్బంది సమక్షంలో, ఖాళీ యంత్రం మీద, అప్పగించిన కోడును నిర్మించి నడిపి చూపించిన తరువాతే చివరి బిల్లు పాస్ చేయాలి.

తరువాత గిట్. జిప్ ఫైలును పక్కన పెట్టి, కోడును గిట్ భాండారంలో ఉంచి, ఎవరు ఏ రోజు ఏ గీత మార్చారో చరిత్ర కనిపించేలా చేయడం. ప్రభుత్వ ఉద్యోగులకు ఇది కష్టమని బయటివారు అనుకుంటారు గాని, నా అనుభవంలో వీరికి ఇది ఇట్టే అర్థమవుతుంది. ప్రతి కమిట్ (నమోదు చేసిన ఒక మార్పు) ఒక నోటు పేరా. రివ్యూ అంటే పై అధికారి ఆ నోటు చదివి సంతకం చేయడం. కరెంట్ ఫైలు, నోట్ ఫైలు తేడా తెలిసిన సీనియర్ అసిస్టెంటుకు కార్యాలయ పద్ధతి మనం కొత్తగా నేర్పేదేమీ లేదు. కమిట్ సందేశం స్పష్టంగా రాయడంలో వాళ్లే కుర్ర డెవలపర్ల కన్నా నయం.

ఇక అభ్యాసాలు. దయచేసి కాలిక్యులేటరు ప్రోగ్రాము, విద్యార్థుల మార్కుల జాబితా వంటివి ఇవ్వకండి. మన ప్రభుత్వ డేటాలోనే కావలసినన్ని చిక్కులు ఉన్నాయి. నేను వాడే మూడింటిని ఇక్కడ చెబుతాను.

మొదటిది విస్తీర్ణం. భూమి ఉన్న పట్టిక ఏదైనా తీయండి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రప్రదేశ్‌లో ఎకరానికి 100 సెంట్లు. రెండు చోట్లా ‘1.20’ అనే రాస్తారు, తెలంగాణలో అది ఎకరం 20 గుంటలు, ఆంధ్రలో ఎకరం 20 సెంట్లు. ఒకటిన్నర ఎకరాల చొప్పున ఉన్న రెండు తెలంగాణ కమతాలను దశాంశ సంఖ్యలుగా కూడితే 2.40 వస్తుంది, అసలు జవాబు మూడు ఎకరాలు. ఆంధ్రలో అదే 2.40 సరైన జవాబు. ఈ ఒక్క ఉదాహరణతో డేటా రకం అంటే ఏమిటో, కొలమానాన్ని విడిగా ఎందుకు నిల్వ చేయాలో, యూనిట్ టెస్టు (కోడులోని చిన్న భాగాన్ని పరీక్షించే కోడు) ఎందుకు రాయాలో మూడూ ఒకే పూటలో చెప్పవచ్చు. తరగతిలో రెవెన్యూ నుంచి వచ్చిన వారెవరైనా ఉంటే ఇక నేను మాట్లాడనక్కరలేదు, వాళ్లే చర్చ నడిపిస్తారు.

రెండోది పేర్లు. ‘శ్రీనివాసులు’ అన్న పేరులో ఎన్ని అక్షరాలున్నాయని అడుగుతాను. అందరూ ఐదు అంటారు. కంప్యూటరులో అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో అవి పన్నెండు సంకేతాలు, ఎందుకంటే పొల్లు, గుడి, ఆకారం, కొమ్ము అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. వాటిని నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు, అంటే మొత్తం 36 బైట్లు. కొన్ని డేటాబేసులు నిడివిని సంకేతాల్లో కొలుస్తాయి, కొన్ని బైట్లలో కొలుస్తాయి. పేరుకు 30 బైట్లు చాలునని ఎప్పుడో ఇంగ్లిషు పేర్లను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించిన పట్టికలో మన శ్రీనివాసులు గారు పట్టరు. అలాగే ‘రాజ్‌కుమార్’ అని టైపు చేసినప్పుడు జ కింద క వత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని సంకేతం ఒకటి చేరుతుంది. వెతికేవాడు దాన్ని టైపు చేయకపోతే ఆ రికార్డు దొరకదు. లబ్ధిదారుడు కౌంటరు ముందు నిలబడి ఉంటాడు, పేరు లేదని కంప్యూటరు చెబుతుంది. తెలుగులో పనిచేసే ప్రభుత్వానికి సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఈ పాఠం తప్పనిసరి, ఏ జాతీయ స్థాయి పాఠ్యప్రణాళికలోనూ ఇది నాకు కనిపించలేదు.

మూడోది సర్వే నంబరు. ‘12/3’ అన్నదాన్ని స్ప్రెడ్‌షీటులో తెరిస్తే అది తారీఖుగా మారిపోతుంది. జిల్లాల నుంచి షీట్లు తెప్పించుకుని కలిపే ప్రతి కార్యాలయంలోనూ ఈ బాధ ఉంటుంది. డేటాను లోపలికి తీసుకునే ముందు ఎలా తనిఖీ చేయాలో నేర్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

అందరినీ ఒకే తరగతిలో కూర్చోబెట్టవచ్చా అని అడిగారు. వద్దు. పదిహేను మంది డెవలపర్లను ఒక బృందంగా, పదహారుగురు అసిస్టెంట్లను ఇంకో బృందంగా చేయండి. రెండో బృందానికి కోడు నేర్పనక్కరలేదు. అవసరాన్ని స్పష్టంగా రాయడం, పరీక్షా సందర్భాలు తయారుచేయడం, లోపాన్ని మళ్లీ పుట్టించగలిగేలా నివేదించడం, సులభమైన ఎస్‌క్యూఎల్ (డేటాబేసును అడిగే భాష) ప్రశ్నలు రాసుకోవడం చాలు. ‘సైటు పనిచేయడం లేదు’ అన్న వాక్యానికీ, ‘విచారణాధికారి లాగిన్‌లో, తిరస్కరించిన దరఖాస్తును మళ్లీ తెరిచినప్పుడు, సేవ్ నొక్కితే ఖాళీ పేజీ వస్తోంది’ అన్న వాక్యానికీ మధ్య ఉన్న దూరమే వాళ్ల శిక్షణ. నెలకు ఒకసారి రెండు బృందాలనూ కలపండి.


సమాధానం: ఏజెన్సీ_డెవలపర్

నేను మీరు చెప్పిన ఆ తొమ్మిది మంది వంటివాడిని, వేరే శాఖలో. ఒక్క విషయం గుర్తుచేయాలని రాస్తున్నాను.

మా దగ్గర కోడు రాసేది మేము. శిక్షణకు నామినేషన్లు అడిగినప్పుడు మాత్రం రెగ్యులర్ ఉద్యోగుల పేర్లే వెళతాయి, ఎందుకంటే మాకు ఉద్యోగి గుర్తింపు సంఖ్య ఉండదు, ప్రభుత్వ ఈమెయిలు ఉండదు, శిక్షణ ఖర్చును మా తల కింద ఏ పద్దులో రాయాలో ఎవరికీ తెలియదు. ‘వీళ్లకు నేర్పితే బయట ఎక్కువ జీతానికి వెళ్లిపోతారు’ అన్న మాట కూడా నా ఎదురుగానే ఒకసారి వచ్చింది. నిజమే, కొందరు వెళతారు. నేర్పకపోయినా వెళుతున్నారు, పైగా తాము రాసినది ఎవరికీ చెప్పకుండా వెళుతున్నారు. నా ముందు పనిచేసిన వ్యక్తి వదిలి వెళ్లిన ప్రోగ్రామును అర్థం చేసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

మీ ప్రణాళికలో మమ్మల్ని కలిపినందుకు సంతోషం. వీలైతే ఒక రెగ్యులర్ ప్రోగ్రామరును, ఒక ఏజెన్సీ డెవలపరును జంటగా కూర్చోబెట్టండి. ఆయనకు శాఖ నియమాలు తెలుసు, మాకు కోడు తెలుసు. మేము వెళ్లిపోయినా సగం జ్ఞానం కుర్చీలోనే ఉంటుంది.


సమాధానం: లాగ్_పరిశీలకుడు

బుధవారం_తరగతి గారి ప్రణాళికలో ఒక లోటు ఉంది. భద్రత గురించి ఒక్క మాట కూడా లేదు. నేను అప్లికేషన్ భద్రతా పరీక్షలు చేసే పనిలో ఉన్నాను కాబట్టి నాకు అది ముందుగా కనిపించింది.

కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకు కూడా వర్తిస్తాయి. సైబర్ సంఘటన గమనించిన ఆరు గంటల లోపు నివేదించాలి, లాగులను (వ్యవస్థలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే ఫైళ్లను) 180 రోజులు భద్రపరచాలి, సర్వర్ల గడియారాలు నిర్దేశించిన కాల సర్వర్లతో సరిపోలాలి. మీ 31 మందిలో ఎందరికి లాగులు ఏ ఫోల్డరులో ఉన్నాయో తెలుసు? సర్వర్ సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉందో, మన సమయంలో ఉందో తెలుసా? ఐదున్నర గంటల ఈ తేడా తెలియక, అర్ధరాత్రి ముగియవలసిన దరఖాస్తు గడువు తెల్లవారి ఐదున్నర దాకా తెరిచి ఉన్న సందర్భాలు నేను చూశాను. సంఘటన జరిగిన రాత్రి వెతుక్కుంటే ఆరు గంటలు ఎటూ చాలవు.

ఇంకొక సంగతి. ప్రభుత్వ సైటును హోస్ట్ చేసే ముందు సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన ఆడిటరుతో పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకుంటాం. ఆ పత్రం ఆ రోజు ఉన్న కోడుకు మాత్రమే వర్తిస్తుంది. తరువాత చేర్చిన గడికి, మార్చిన పేజీకి వర్తించదు. వెబ్ భద్రతా లోపాలకు ర్యాంకులిచ్చే ఓవాస్ప్ సంస్థ 2021 జాబితాలో మొదటి స్థానంలో ఉన్న లోపం అనుమతుల నియంత్రణ సరిగా లేకపోవడం. మన సైట్లలో దాని రూపం చాలా సాదాగా ఉంటుంది: చిరునామా గడిలో దరఖాస్తు సంఖ్య చివర ఉన్న 5ను 6 చేస్తే పక్కవారి దరఖాస్తు తెరుచుకుంటుంది. దీన్ని పట్టుకోవడానికి పరికరాలేవీ అక్కరలేదు, ఒక జూనియర్ అసిస్టెంటు కూడా పట్టుకోగలడు. కాబట్టి రెండో బృందానికి కూడా ఈ పాఠం చెప్పండి.

శిక్షణకు వాడే డేటా విషయంలో గట్టిగా చెబుతున్నాను. అసలు డేటాబేస్ నకలు తీసి శిక్షణార్థుల ల్యాప్‌టాపుల్లో వేయవద్దు. అందులో ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, ఆధార్ చట్టం 2016 నుంచి ఉంది. పైగా చట్టం లేకపోయినా అది పరాయివారి సంగతి. కల్పిత డేటా తయారుచేసే చిన్న ప్రోగ్రాము రాయించండి, అదే ఒక మంచి అభ్యాసం. ఆధార్‌లోని పన్నెండో అంకె మిగిలిన పదకొండు అంకెల నుంచి వెర్‌హోఫ్ పద్ధతిలో వచ్చే తనిఖీ అంకె. ఆ తనిఖీ తప్పేలా కావాలనే సంఖ్యలు సృష్టిస్తే, పొరపాటున కూడా అవి ఏ మనిషికీ చెందవు.

ఐదు రోజుల తరగతి పూర్తిగా వ్యర్థమన్న అభిప్రాయంతో మాత్రం నేను ఏకీభవించను. బ్యాకప్ నుంచి డేటాబేసును తిరిగి నిలబెట్టే కసరత్తు పూటకు పూట ముక్కలుగా జరిగే పని కాదు. దానికి రెండు పూర్తి రోజులు, ఫోన్లు లేని గది కావాలి. బ్యాకప్ తీస్తున్నామని ప్రతి శాఖా చెబుతుంది, తిరిగి నిలబెట్టి చూశామని చెప్పిన శాఖ నాకు అరుదుగా తారసపడింది.


ఐటీసెల్_కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నేను అడిగినదాని కన్నా ఎక్కువే దొరికింది. మీ సమాధానాలు చదివిన మరునాడే ఇద్దరు ప్రోగ్రామర్లను, ఒక ఏజెన్సీ డెవలపరును కూర్చోబెట్టి ఆ జిప్ ఫైలును కొత్త కంప్యూటరు మీద నిర్మించమన్నాను. బుధవారం_తరగతి గారు చెప్పినట్లే జరిగింది. రెండు రోజులైనా లాగిన్ పేజీ రాలేదు, ఎస్సెమ్మెస్ పంపే భాగం తాలూకు లైబ్రరీ ఎక్కడా లేదు. దీన్ని వైఫల్యంగా కాకుండా, శిక్షణ ఎందుకు అవసరమో చూపే ఆధారంగా నోటులో మొదటి పేరాగా రాశాను.

ఇప్పుడు నాకు మూడు సందేహాలున్నాయి. మా కంప్యూటర్లలో కొత్త సాఫ్ట్‌వేర్ స్థాపించే అనుమతి సిబ్బందికి లేదు, బయటి కోడ్ భాండారాల సైట్లు నెట్‌వర్కులో తెరుచుకోవు. మొదటి తరగతి ఈ గొడవతోనే ముగిసిపోతుందేమోనని భయం. రెండవది, ప్రభుత్వ ఉద్యోగుల శిక్షణకు కేంద్రం నడిపే ఆన్‌లైన్ కర్మయోగి వేదిక మీద కోర్సులు ఉన్నాయి కదా, విడిగా శిక్షణ ఎందుకని ఆర్థిక విభాగం తప్పక అడుగుతుంది. మూడవది, ధ్రువపత్రం లేకపోతే సిబ్బంది ఆసక్తి చూపుతారా?


సమాధానం: బుధవారం_తరగతి

మొదటిదానికి జవాబు: తరగతికి రెండు వారాల ముందే రాష్ట్ర డేటా సెంటర్‌కు లేఖ రాసి, అసలు సర్వర్లతో సంబంధం లేని ఒక శిక్షణ సర్వర్ అడగండి. గిట్ సేవ, జావా, పోస్ట్‌గ్రెస్, కావలసిన లైబ్రరీల నకళ్లు అన్నీ దాని మీదే ఉంచితే, సిబ్బంది కంప్యూటరులో బ్రౌజరు తప్ప ఏదీ అక్కరలేదు. శిక్షణ ముగిశాక దాన్ని తీసివేయకండి, అదే మీ పరీక్షా సర్వర్ అవుతుంది. నేరుగా అసలు సర్వర్ మీద ఫైళ్లు మార్చే అలవాటు మీ దగ్గర ఉంటే (ఉందని నా అనుమానం, కోపగించుకోకండి), అది పోవడానికి ఇదొక్కటే దారి.

మూడోదానికి: ధ్రువపత్రం ఇవ్వండి, అందులో తప్పేమీ లేదు. అయితే హాజరుకు ఇవ్వకండి. ఒక్కొక్క జంట అసలు అప్లికేషన్‌లో ఒక చిన్న లోపాన్ని సరిదిద్ది, దానికి పరీక్ష రాసి, ఇంకొక జంట సమీక్షించి, అది ప్రజలు వాడే సైటు మీదకు వెళ్లిన రోజున ఇవ్వండి. పత్రం మీద ఆ లోపం ఏమిటో ఒక వాక్యంలో రాయండి.

లాగ్_పరిశీలకుడు గారి విమర్శ న్యాయమైనది. భద్రతను నేను చివరి వారానికి పెట్టుకునేవాడిని, ఇకపై రెండో వారానికి తెస్తాను. బ్యాకప్ కసరత్తుకు రెండు పూర్తి రోజులు అన్నదీ ఒప్పుకుంటున్నాను.


సమాధానం: పాత_సిస్టమ్_అనలిస్ట్

కర్మయోగి సంగతి నేను చెబుతాను. మిషన్ కర్మయోగిని కేంద్ర మంత్రివర్గం 2020 సెప్టెంబరు 2న ఆమోదించింది. దాని ఐగాట్ వేదిక మీద ఎవరి వీలును బట్టి వారు చూసుకోగల పాఠాలు ఉంటాయి. నోటులో దాన్ని పోటీగా కాక, ముందు మెట్టుగా రాయండి. సైబర్ భద్రత ప్రాథమిక పాఠాల వంటివి అందరూ తరగతికి ముందే అక్కడ పూర్తిచేసి రావాలని షరతు పెడితే, మీ గంటలు మిగులుతాయి, ఆర్థిక విభాగం ప్రశ్నకు సమాధానమూ దొరుకుతుంది. అయితే మీ శాఖ జిప్ ఫైలు ఏ వేదిక మీదా పాఠంగా దొరకదన్న వాక్యం కూడా పక్కనే ఉండాలి. ప్రోగ్రామర్లలో ఎవరికైనా పునాది బలహీనంగా ఉంటే కేంద్ర ఐటీ శిక్షణ సంస్థ నైలిట్ వారి ‘ఓ’ లెవల్, ‘ఎ’ లెవల్ కోర్సుల దారి వేరే ఉంది, అది ఈ ఫైలులో కలపకండి.

ఇంకొకటి. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్సు కోడును శాఖల మధ్య పంచుకోవాలని కేంద్రం 2015లోనే ఒక విధానం ప్రకటించింది. దరఖాస్తు, విచారణ, మంజూరు అనే మూడు మెట్ల పని మీ ఒక్క శాఖలోనే లేదు. ఎస్సెమ్మెస్ పంపే భాగాన్ని ప్రతి శాఖా విడిగా కొనుక్కుంటోంది. పొరుగు శాఖ వారిని ఇద్దరిని మీ తరగతికి పిలవండి. మీకు లేని లైబ్రరీ వారి దగ్గర ఉండవచ్చు.

శిక్షణ పొందినవారిని రెండేళ్లు బదిలీ చేయరాదన్న వాక్యం కూడా నోటులో ఉంచండి. కొట్టివేస్తారు. అయినా ఉంచండి. కొట్టివేసినట్లు ఫైలులో ఉంటుంది.


ఐటీసెల్_కృష్ణాతీరం

ఫైలు నిన్న తిరిగి వచ్చింది. పన్నెండు బుధవారాలు, మధ్యాహ్నం పూట, డెవలపర్లకూ అసిస్టెంట్లకూ వేరువేరు గదులు, జంటలుగా పని, బ్యాకప్ కసరత్తుకు విడిగా రెండు రోజులు అన్నవి ఆమోదం పొందాయి. ఏజెన్సీ సిబ్బందిని చేర్చడం మీద ఒక ప్రశ్న వేసి, చివరకు అంగీకరించారు. బదిలీల వాక్యాన్ని, పాత_సిస్టమ్_అనలిస్ట్ గారు చెప్పినట్లే, ఎర్ర సిరాతో కొట్టివేశారు.

పొరుగు శాఖ నుంచి ఇద్దరు వస్తున్నారు. వారి దగ్గర ఎస్సెమ్మెస్ లైబ్రరీ ఉంది, మా దాని కన్నా రెండు వెర్షన్లు కొత్తది. లాగిన్ పేజీ నిన్న సాయంత్రం ఐదింటికి తెర మీద కనిపించింది. లాగిన్ అయితే ఇంకా కావడం లేదు. అడ్మిన్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉందో కనుక్కోవడం మొదటి బుధవారం పనిగా పెట్టుకున్నాం.